కాళ్లు బారజాపుకుని నడిపే బండి

దర్జీకి కారు నడపడం రాదు. ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది, తర్వాత తెలిస్తే ఎవరూ నమ్మరు. సైకిలు తొక్కుతాడు, అదీ ఒక పక్కకి ఒరిగి తొక్కుతాడు. అలాంటి మనిషి యాభై రెండేళ్ల వయసులో, ఇద్దరు మాత్రమే పట్టే ఓ పాతకాలపు స్పోర్ట్స్ కారును తాళ్లు కట్టించి, ఈడ్పించుకుని, ఇంటి వెనక రేకుల షెడ్డులోకి తెచ్చుకున్నాడు. దానికి టాపు లేదు. నేల తుప్పు పట్టి చిల్లులు పడింది. సీట్లో ఒక పిల్లి, దాని మూడు పిల్లలు ఉన్నాయి. అవి కూడా బండితో పాటే వచ్చాయి.

"పిచ్చి కుదిరింది, ఇక రోకలి తలకు చుట్టండి," అంది భార్య, గుమ్మంలో నిలబడి.

పిచ్చి కాదు, భయం. ఆ భయం అతని అక్క గురించి.

అక్క ఇరవై ఎనిమిదేళ్లు సిటీ బస్సు నడిపింది. అన్నేళ్లలో బస్సు మీద ఒక్క గీత పడనివ్వలేదు. చివరికి ఏం జరిగిందయ్యా అంటే, ఓ వాన రోజున ఆగి ఉన్న బస్సులోంచి దిగుతూ, మెట్టు మీద తడికి జారి, ఎడమ మోకాలు విరగ్గొట్టుకుంది. కదిలే బస్సు ఏమీ చెయ్యలేదు గాని, ఆగిన బస్సు కొంప ముంచింది. రెండు ఆపరేషన్లయ్యాక డాక్టరు చావుకబురు చల్లగా చెప్పాడు. నడవచ్చు, మెట్లెక్కచ్చు, కాని ఆ మోకాలు సగానికి మించి వంగదు. బస్సు సీట్లో కూర్చుంటే మోకాలు పూర్తిగా మడవాలి, క్లచ్ తొక్కేది ఎడమ కాలే. బస్సు వాళ్లు పూలగుత్తి చేతిలో పెట్టి ఇంటికి పంపారు. సొంత కారులోనూ అదే అవస్థ కావడంతో దాన్నీ అమ్మేసింది.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే తమ్ముడి కొట్టుకు వచ్చి కూర్చునేది. అద్దాల తలుపు పక్కన కుర్చీ వేసుకుని, కాలు స్టూలు మీద చాపుకుని, రోడ్డు మీద పోయే ప్రతి డ్రైవరుకీ మార్కులు వేసేది. వాడు క్లచ్ మీంచి కాలు తియ్యడు, బండి ఏడాది ఆగదు. వీడు అద్దం చూసుకోడు, తల దువ్వుకోవడానికే వాడతాడు. కొలతలివ్వడానికి వచ్చిన కస్టమర్లు ఆవిడ మాటలు వింటూ నవ్వి నవ్వి పొట్ట కదిలిస్తే, దర్జీ నడుము కొలత మళ్లీ మొదటి నుంచి తీసుకోవలసి వచ్చేది.

ఒకరోజు అక్క వచ్చి, కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చుంది. ఎందుకక్కా అంటే, "కంట్లో ఎండ పడుతోందిరా," అంది. ఆ రోజు మబ్బు పట్టి ఉంది. ఆ తర్వాత ఆవిడ రోడ్డు కేసి చూడలేదు. పొద్దస్తమానం బొత్తాల డబ్బా ఒళ్లో పెట్టుకుని నల్లవి ఒక వైపు, తెల్లవి ఒక వైపు ఏరేది. ఏరడం అయ్యాక మళ్లీ అన్నీ కలిపేసి మొదటి నుంచి ఏరేది. దర్జీ మెషిను తొక్కుతూ అక్క వీపు చూస్తూ ఉండేవాడు. ఈ మనిషి చేతికి మళ్లీ స్టీరింగు అందకపోతే మనకు దక్కదని అతనికి అర్థమైపోయింది. కాని వంగని మోకాలికి వంగే మార్గం ఎవరు చెప్తారు?

మార్గం ఓ ఇంట్లో కర్టెన్ల కొలతలు తీసుకోవడానికి వెళ్లినప్పుడు కనిపించింది. ఇల్లు మారుతున్న ముసలి దంపతులు కొత్తింటి కర్టెన్ల గురించి ఎంతకూ తెమలక వాదించుకుంటుంటే, దర్జీ పెరట్లోకి వెళ్లాడు. అక్కడ షెడ్డులో, చిరిగిన పట్టా కింద ఈ కారు ఉంది. పదిహేనేళ్లుగా కదల్లేదట. పాత ఇనుము వాడికి ఇచ్చేస్తామన్నారు. కాళ్లు లాగుతున్నాయని దర్జీ పిల్లిని పక్క సీట్లోకి జరిపి అందులో కూర్చున్నాడు.

సీటు నేలకు జానెడు ఎత్తులో ఉంది. కూర్చోగానే రెండు కాళ్లూ బారుగా ముందుకు వెళ్లిపోయాయి. మధ్యాహ్నం భోంచేసి చాప మీద కాళ్లు బారజాపుకుని గోడకు ఆనుకున్నట్టు ఉంది. అరికాళ్ల దగ్గర పెడళ్లు తగిలాయి. ఎడమ కాలితో తొక్కి చూశాడు. మోకాలు వంగీ వంగనట్టు వంగింది. మళ్లీ తొక్కాడు. మూడోసారీ అంతే, అక్క మోకాలికి ఇంత వంగితే చాలు! లోపలికి పరిగెత్తి, పదకొండు కిటికీలకు కర్టెన్లు ఊరికే కుట్టిస్తాను, ఆ కారు నాకిచ్చెయ్యండి అన్నాడు. ముసలాయన జాలిపడి, పిల్లిని కూడా తీసుకెళ్లమన్నాడు.

సంగతంతా భార్య విన్నది. కొంగుతో కళ్లొత్తుకుని, "వదినకి చెప్పకండి. అవ్వకపోతే ఆవిడ తట్టుకోలేదు," అని మాత్రం అంది. ఆ ఇల్లాలి నోట్లో నువ్వుగింజ నానదని వీధి వీధంతా చెప్పుకుంటుంది. అలాంటిది ఎనిమిది నెలలు ఆ మాట బయటికి పొక్కనివ్వలేదు. అక్కతో దర్జీ, నాకు కార్ల మోజు పట్టింది అన్నాడు. ఎప్పటి అక్కయితే అది ఏ కారు, ఎన్ని గేర్లు, ఎవడు అంటగట్టాడు అని నిలదీసేది. ఇప్పుడు "సరేలే" అని ఒక తెల్ల బొత్తాం తీసి తెల్లవాటిలో వేసింది. దర్జీకి ఏడుపొచ్చినంత పనైంది.

వీధి చివర మెకానిక్కును అందరూ గ్రీజు బాబాయ్ అంటారు. డెబ్బై ఏళ్లు, ఎవరికీ బాబాయ్ కాదు. ఆయన వచ్చి కారు చుట్టూ మూడుసార్లు తిరిగి, తన్నదగ్గ చోటల్లా తన్ని చూశాడు. నాలుగు చోట్ల బూటు లోపలికి దిగిపోయింది.

"చెయ్యి నీదే, తిట్టు నాది," అన్నాడు చివరికి. "ఒప్పుకుంటే రేపట్నుంచి మొదలెడదాం."

ఒప్పందం అక్షరాలా అమలైంది. రోజూ పొద్దున కొట్టు తెరవబోయే ముందు రెండు గంటలు, ఆదివారం రోజంతా. బాబాయ్ తిరగేసిన డబ్బా మీద కూర్చుని టీ తాగుతూ తిట్టేవాడు. దర్జీ బండి కింద పడుకుని చేసేవాడు. బోల్టు ఎటు తిప్పితే ఊడుతుందో, ఎటు తిప్పితే బిగుస్తుందో కూడా తెలియని దశలో మొదలుపెట్టాడు. అయితే ఒక్క విషయంలో మాత్రం బాబాయ్ నోరు మూయించాడు. విప్పిన ప్రతి ముక్కకీ, కొట్టులో బట్టలకు కట్టినట్టే గుడ్డ చీటీ కట్టి, సుద్దతో నంబరు వేసి, పిన్ను గుచ్చాడు. నాలుగు వందల పైచిలుకు ముక్కలు గోడ మీద వరసగా వేలాడాయి. యాభై ఏళ్ల సర్వీసులో నా దగ్గర మిగిలిపోయిన నట్లతో ఇంకో కారు చెయ్యొచ్చురా, నీ దగ్గర ఒక్కటీ మిగిలేలా లేదు అని బాబాయ్ మెచ్చుకున్నాడు. ఆ ఒక్కరోజే మెచ్చుకున్నాడు.

ఇంజను బిగుసుకుపోయి ఉంది. ప్లగ్గులు తీసి ఆ రంధ్రాల్లో నూనె పోసి నానబెట్టాలన్నాడు బాబాయ్. రోజూ పొద్దున్నే పెద్ద స్పానరు పెట్టి, బలం కొద్దీ కాకుండా బుజ్జగిస్తున్నట్టు తిప్పి చూడమన్నాడు. ఎనిమిది రోజులు ఉలుకూ పలుకూ లేదు. తొమ్మిదో రోజున వేలెడంత కదిలింది. దర్జీ స్పానరు చేత్తో పట్టుకునే ఇంట్లోకి పరిగెత్తుకొస్తే, షెడ్డు అంటుకుందేమోనని భార్య బకెట్టు నీళ్లు తెచ్చి మొహాన కొట్టింది.

తలుపు కథ వేరు. కుడి తలుపు అడుగంతా తుప్పు తినేసింది. దర్జీకి హుషారొచ్చింది, ఎందుకంటే ఇది కత్తిరించే పని. బ్రౌన్ పేపరు పరిచి, నమూనా గీసి, రేకు మీద సుద్దతో దింపి, చక్కగా కత్తిరించాడు. బాబాయ్ వెల్డింగు చేశాడు. తీరా బిగిస్తే తలుపు పడదు. తోసినా, తన్నినా, బతిమాలినా పడదు. బాబాయ్ కొలిచి చూస్తే ముక్క నాలుగు వైపులా సరిగ్గా అరంగుళం ఎక్కువ ఉంది.

"ఈ అరంగుళం ఎందుకురా?"

"కుట్టుకి వదిలాను," అన్నాడు దర్జీ.

బాబాయ్ డబ్బా మీంచి కింద పడ్డాడు. ఆ వారం రోజులూ ఆయన దారిన పోయే ప్రతివాణ్ణీ ఆపి, మా దర్జీ రేకుకు కుట్టు మడత వదిలాడని చెప్పుకుని నవ్వాడు. దర్జీ కిక్కురుమనకుండా అరంగుళం అరగదీశాడు.

బండి మెల్లమెల్లగా మనిషిలో పడింది. ఎలుకలు కొరికిన వైర్లు మారాయి. పెట్రోలు ట్యాంకులోంచి బూజు కంపు కొట్టే పాత పెట్రోలు పోయింది. జంట కార్బొరేటర్లు కిరసనాయిలులో స్నానం చేసి మెరిశాయి. రంగుల దుకాణానికి దర్జీ చేతిలో దారం రీలు పట్టుకెళ్లి, సరిగ్గా ఈ ముదురాకుపచ్చే కావాలని రోజంతా కూర్చుని కలిపించుకున్నాడు. సీట్లూ, టాపూ తన మెషిను మీదే కుట్టాడు. వాటి జోలికి మాత్రం బాబాయ్ తిట్లు రాలేదు.

అసలు గొడవ బండిలో మార్పులు చేస్తానన్న రోజు వచ్చింది. సీటు పట్టాలు జరపాలి, పెద్ద స్టీరింగు తీసి చిన్నది పెట్టాలి, క్లచ్ పెడలు కాలికి దగ్గరవడానికి ఇనప దిమ్మ బిగించాలి అన్నాడు దర్జీ. బాబాయ్ నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఇన్నేళ్ల నాటి బండి, తయారుచేసినవాడు ఎలా పెట్టాడో అలా ఉండాలి, దీనికి కొత్త రంధ్రం పెడితే పాపం తగులుతుందన్నాడు.

"కోటు ఎంత గొప్పదైనా, వేసుకునేవాళ్లకి పట్టకపోతే ఆల్టర్ చెయ్యాల్సిందేగా బాబాయ్," అన్నాడు దర్జీ. అప్పుడే మొదటిసారి, వేసుకునేది ఎవరో చెప్పాడు. బాబాయ్ టీ గ్లాసు కింద పెట్టి, డ్రిల్లు తెచ్చి అతని చేతికిచ్చాడు.

కొలతలకు దర్జీ అక్కను అడగనక్కరలేదు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆవిడ యూనిఫారాలు కుట్టింది అతనే. కొలతల పుస్తకంలో అక్కకు ఒక పేజీ ఉంది. నడుము ఎంతో, తొడ ఎంతో, కాలు పొడవెంతో అన్నీ అందులోనే ఉన్నాయి. వాటి ప్రకారం సీటు జరిపాడు, దిమ్మ బిగించాడు. ఎక్కడానికి ఇంకో ఉపాయం చేశాడు. కోటు చేతుల్లోకి చెయ్యి జారుతూ దూరడానికి లోపల సాటిన్ వేస్తారు కదా, అలాగే రెండు సీట్ల అంచులకూ ఒక్కో సాటిన్ రెక్క కుట్టాడు. దాన్ని తలుపు గడప మీదకి పరిచి కూర్చుంటే, మనిషి కాలు మడవకుండా సర్రున లోపలికి జారిపోతుంది. జారాక రెక్కను లాగి పక్కన దోపెయ్యొచ్చు. ఇది చూసి బాబాయ్ టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు.

ఓ ఆదివారం పొద్దున అక్కను షెడ్డుకు పిలిచారు. బాబాయ్ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. భార్య చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. పట్టా తీశారు. ఇది నీ కోసమే అక్కా అన్నాడు దర్జీ. వద్దురా, నా వల్ల కాదురా అని అక్క రెండడుగులు వెనక్కి వేసింది. బతిమాలగా బతిమాలగా వచ్చి సాటిన్ మీద కూర్చుంది. సర్రున జారింది. ఒక్క క్షణం ఆవిడ పెదాల మీద నవ్వు వచ్చింది.

అంతే. తొడ స్టీరింగు కింద ఇరుక్కుంది. ఎడమ పాదం పెడలు మీద పెట్టాలంటే మోకాలు ఇంకా మడవాలి. అది మడవదు. అక్క పళ్ల బిగువున ప్రయత్నించింది, చెమటలు పట్టాయి, నొప్పికి ఒక మూలుగు బయటికొచ్చింది. ఆవిణ్ణి బయటికి తియ్యడానికి ముగ్గురూ పట్టాల్సొచ్చింది. లేచి నిలబడి, చీకాకు పడకుండా, బండి రంగును వేలితో తడిమింది.

"బండి బాగుందిరా," అంది. "నేనే సరిపోను."

ఆ మర్నాడు ఆవిడ కొట్టుకు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. భార్య వెళ్లి చూసొచ్చి, తిన్నారా అంటే తిన్నానంటోంది, పొయ్యి మాత్రం చల్లగా ఉంది అని చెప్పింది. దర్జీ కత్తెర పక్కన పెట్టేశాడు. ఉన్న కాస్త ఆశనూ నేనే చంపేశాను, అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని తనను తానే తిట్టుకున్నాడు.

నాలుగో రోజున ఓ గుమస్తా ప్యాంటు ట్రయలుకు వచ్చాడు. తొడుక్కుని అద్దం ముందు నిలబడితే అమిరినట్టు ఉంది. ప్రతివాడికీ చెప్పే మాటే దర్జీ ఆయనకూ చెప్పాడు. "ఒకసారి కూర్చుని చూడండి," అన్నాడు.

ఆ మాటతోనే సుద్ద పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగిపోయింది.

ముప్ఫై ఏళ్లుగా ట్రయలుకు వచ్చిన ఒక్కరినీ కూర్చోబెట్టకుండా పంపలేదతను. నిలబడితే అమిరిన ప్యాంటు కూర్చుంటే పట్టేస్తుందని పసిపిల్లాడికి కూడా చెప్తాడు. నిలబడ్డ మనిషి వేరు, కూర్చున్న మనిషి వేరు. పుస్తకంలో ఉన్న అక్క నిలబడ్డ అక్క! కాలు పొడవు తొడల మధ్య కుట్టు నుంచి కొలిచాడు. కూర్చుంటే కొలవాల్సింది వెన్ను ఆనే చోటు నుంచి. పిరుదుల మందం ఎక్కడికి పోతుంది? జానెడు తేడా! ఎనిమిది నెలలు కష్టపడి, పరుగెత్తడానికి పుట్టిన బండిని నిలబడే మనిషికి కుట్టాడు. గుమస్తా కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని ఎలా ఉందో చెప్దామని చూసేసరికి దర్జీ వీధిలో పరిగెడుతున్నాడు. మెళ్లో టేపు ఎగురుతోంది.

అక్క ఇల్లు రెండు వీధుల అవతల, కింది వాటా. వంటింట్లో బల్ల దగ్గర, స్టూలు మీద కాలు చాపుకుని కూర్చుంది. ముందున్న టీ మీద మీగడ కట్టింది. దర్జీ రొప్పుతూనే అంతా చెప్పాడు. పుస్తకం చూసి కొలతలు వేశానని, తప్పు నా టేపుదని, నీ కాలిది కాదని, ఒక్కసారి కూర్చుని కొలతలివ్వమని అడిగాడు.

"కూర్చునే ఉన్నాగా," అంది అక్క. "ఇన్ని నెలలుగా అదే నా పని. వెళ్లరా. ఈ వంకర కాలికి ఏదీ సరిపోదు."

దర్జీకి కోపం వచ్చింది. అక్క మీద కోపం రావడం అతనికి అదే మొదలు.

"ఒక భుజం దిగినవాళ్లు వచ్చారు, గూనితో వచ్చారు, పొట్టలవాళ్ల సంగతి సరేసరి. నీ ఒళ్లు తప్పు అని ఒక్కరికి కూడా చెప్పి పంపలేదు నేను. అమరకపోతే తప్పు కుట్టినవాడిది. నీ కాలిని ఇంకోసారి వంకర కాలన్నావంటే ఊరుకోను." అంతవరకు గట్టిగానే అన్నాడు. తర్వాత అక్క ముందు నేల మీద కూర్చున్నాడు. "నువ్వు గోడ వైపు తిరిగి కూర్చుంటే నాకు భయమేస్తోంది అక్కా."

అక్క అతని కేసి చూసింది. చాలా కాలం తర్వాత సూటిగా చూసింది. ఎండ పడిందని చెప్పాను కదరా అంటే, ఆ రోజు మబ్బేసింది అన్నాడు దర్జీ. అక్క కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. తిరుగుతుండగానే నవ్వొచ్చింది. వంగి, ఇంతవరకు ఎవరికీ చూపించని ఆ మోకాలి మీంచి ప్యాంటు పైకి లాగింది. మోకాలి పైనుంచి పిక్క దాకా తెల్లటి మచ్చ ఉంది.

"కొలువు," అంది.

వెన్ను నుంచి మోకాలికి, మోకాలి నుంచి మడమకు, ఎంత మడిస్తే నొప్పి మొదలవుతుందో అక్కడికి, మడమ ఆనే చోట నేల మీద సుద్ద గీత. దర్జీ రాసుకుంటుంటే అక్క ఊరుకోలేదు. అంత కాదు, క్లచ్ తొక్కేటప్పుడు మడమ నేల మీదే ఉండాలి, ఇంకో రెండంగుళాలు వెయ్యి అంది. అద్దం ఎక్కడుండాలో, హ్యాండ్‌బ్రేకు ఏ చేతికి ఎంత దగ్గరగా ఉండాలో చెప్పింది. పేజీ నిండిపోయింది. నేను మాట్లాడుతుంటే చూసి రాయవేంరా అని నెత్తి మీద మొట్టింది కూడా. ఆ మొట్టికాయకు దర్జీ ప్రాణం లేచొచ్చింది.

మర్నాటి నుంచి షెడ్డులో తిట్టేవాళ్లు ఇద్దరయ్యారు. బాబాయ్ పక్కనే ఇంకో డబ్బా పడింది. జానెడు వెనక్కి జరపాలంటే సీటు వెనక సామాను పెట్టుకునే అర అడ్డొచ్చింది. దాన్ని కొయ్యాలంటే బాబాయ్‌కి చేతులు రాలేదు. "కొయ్యి బాబాయ్," అంది అక్క, "అక్కడ పెట్టుకోవడానికి నా దగ్గర ఏం సామానుందని?" కోశారు. ఒకసారి కాదు, నాలుగుసార్లు అక్కను కూర్చోబెట్టి, లేపి, వేలెడు ముందుకూ వేలెడు వెనక్కూ జరిపి, ఐదోసారికి బోల్టులు బిగించారు. ఆవిడ క్లచ్ తొక్కింది. మోకాలు వంగీ వంగనట్టు వంగింది. మొహంలో నొప్పి లేదు. ఇంకోసారి తొక్కింది. ఆ తర్వాత ఊరికే ఓ ఇరవైసార్లు తొక్కింది. ఎవరూ ఆపలేదు. భార్య మాత్రం షెడ్డు బయటికి వెళ్లి, కొంగులో మొహం పెట్టుకుని ఏడ్చి, ఏమీ ఎరగనట్టు టీ తెచ్చింది.

లైసెన్సు ఆఫీసు వాళ్లు వచ్చి పెడలూ, సీటూ, మోకాలూ మూడింటినీ పరీక్షించి ముద్ర వేసిన మర్నాడు, అక్క బండిని బయటికి తీసింది. ఆ ఇరుకు సందులోంచి వెనక్కి, ఒక్క పట్టున, రెండు వైపులా బెత్తెడు కూడా లేని చోటునుంచి, వెన్న మీంచి కత్తి తీసినట్టు తీసింది. బాబాయ్ నోరు తెరిచి, తిట్టడానికి ఏమీ దొరక్క మూసుకున్నాడు. పక్క సీట్లో దర్జీ తలుపు పట్టుకుని బిగుసుకుపోయి కూర్చున్నాడు. తన చేత్తో చేసిన బండిలో తిరగడం అతనికి ఇదే మొదలు. ప్రతి నట్టు నంబరూ మనసులో వల్లించుకుంటున్నాడు.

పెద్ద రోడ్డెక్కారు. గాలి చెవుల్లో హోరుమంది. అక్క గేరు మార్చింది, మళ్లీ మార్చింది. ముందు పోయేవాడు అద్దం చూసుకోవడంలేదని తిట్టింది. దర్జీ ఆ తిట్టు విని హాయిగా వెనక్కి ఆనుకున్నాడు. అంతలో బండి సిగ్నలు వేసుకుని, ఎడమ పక్కకి జరిగి, బస్‌స్టాపులో స్తంభానికి సరిగ్గా తలుపు వచ్చేలా ఆగింది. ఏమైందక్కా, చెడిపోయిందా అని అతను కంగారుపడ్డాడు. అక్క తన చేతుల కేసి ఆశ్చర్యంగా చూసుకుంది. ఏమీ లేదురా, స్టాపు కనబడగానే చేతులు వాటంతటవే ఆపేశాయి అని పకపకా నవ్వింది. తర్వాతి స్టాపులోనూ ఆగింది. ఈసారి ఇద్దరూ నవ్వారు.

మూడో స్టాపులో ఓ నర్సు నిలబడి ఉంది. భుజాన సంచి, చేతిలో టిఫిను డబ్బా, మొహాన కంగారు. బస్సు ఇప్పుడే వెళ్లిపోయిందమ్మా, డ్యూటీకి ఆలస్యమైపోతోంది, మీరు ఆసుపత్రి వైపేనా అని అడిగింది. అక్క వెనకద్దం సర్దుకుంది. చొక్కా కాలరు సరిచేసుకుంది. తమ్ముడి కేసి తిరిగింది.

"దిగరా."

"నేనా?"

"సీట్లు రెండేగా ఉన్నాయి. ప్యాసింజరు నిలబడి ఉంటే నువ్వు కూర్చుంటావా?"

దర్జీ దిగాడు. నర్సు సాటిన్ మీంచి సర్రున జారి కూర్చుంది. అక్క బెల్టు పెట్టుకోమని ఆవిడకు చెప్పి, తలుపు పడిందో లేదో చూసి, అద్దం చూసి, భుజం మీంచి వెనక్కి చూసి, చెయ్యి బయటపెట్టి సిగ్నలిచ్చింది. తమ్ముడి కేసి మాత్రం చూడలేదు. రోడ్డు చూస్తోంది. ముదురాకుపచ్చ బండి మలుపు తిరిగి కనిపించకుండా పోయింది.

దర్జీ బస్‌స్టాపు బెంచీ మీద కూర్చున్నాడు. టేపు చివరతో కళ్లు తుడుచుకున్నాడు. ఎదురుగా పోయేవాళ్లెవరో ఏమైందని అడిగితే దుమ్ము పడిందన్నాడు. కాసేపటికి బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. ఎక్కుతారా అని డ్రైవరు అడిగాడు.

"వద్దండీ," అన్నాడు దర్జీ. "మా అక్క బండి వస్తుంది."